డిస్కు చెప్పిన అంకెలన్నీ నమ్మాలా?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఎస్ఎస్‌డీల వేగం గురించే ఉన్నాయి. బయట అమ్మకాల సీజన్ కదా, అందరి చేతిలోనూ కొత్త డ్రైవులు! కొందరు పేరు వేయొద్దన్నారు కాబట్టి అందరికీ ఊరి పేరే వేశాం. స్థలం కోసం ఉత్తరాలను కుదించాను.

ప్రశ్న: మేడమ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ (సాటా కంటే వేగమైన రకం) ఎస్ఎస్‌డీ కొన్నాను. ఉబుంటులో డీడీ కమాండుతో సున్నాలు రాయిస్తే సెకనుకు 2.9 జీబీ అంది. విండోస్‌లో వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ 3,000 ఎంబీ అంది. తీరా పాత ఎన్‌వీఎంఈ నుంచి 300 జీబీ వీడియోలు కాపీ చేస్తే మొదట్లో దూసుకుపోయి, తర్వాత 140 ఎంబీకి పడిపోయింది. నకిలీ సరుకు అంటగట్టారా?
— హనుమకొండ

జవాబు: అప్పుడే షాపు మీదికి వెళ్లకండి. మూడు అంకెలూ నిజమే. కాకపోతే మూడూ మూడు వేర్వేరు వాటిని కొలిచాయి.

డీడీ కొలిచింది ఎక్కువ భాగం మీ ర్యామ్‌ని. లినక్స్ మీ డేటాను ముందు ర్యామ్‌లోని పేజీ క్యాష్‌లో వేసుకుని పని అయిపోయిందని చెప్పేస్తుంది, డిస్కుకి తర్వాత తీరిగ్గా పంపుతుంది. క్యాష్‌ని తప్పించే డైరెక్ట్ ఫ్లాగ్ పెడితే ఈ బాధ పోతుంది. అయినా డీడీ ఒక్కో ముక్కనే పంపి, అది పూర్తయ్యేదాకా ఆగుతుంది కాబట్టి ఎన్‌వీఎంఈ సత్తా అందులో కనబడదు. డీడీ కాపీలు చేసుకోవడానికి పుట్టిన పనిముట్టు, దానితో కాపీలే చేసుకుందాం.

క్రిస్టల్‌డిస్క్‌మార్క్ కొలిచింది డ్రైవులోని వేగవంతమైన మూలని. దాని లోపల పనిచేసేది మైక్రోసాఫ్ట్ వారి డిస్క్‌స్పీడ్, అదీ ఓపెన్ సోర్సే. తప్పు ఇంజిన్‌ది కాదు, మామూలుగా వాడే 1 జీబీ టెస్టు ఫైలుది. ఈ రోజుల్లో మనం కొనే డ్రైవుల్లో చాలావాటికి ఒక్కో సెల్‌లో మూడు బిట్లు, చవక రకాలకు నాలుగు బిట్లు పడతాయి. అలా రాయడం నెమ్మది పని. అందుకని డ్రైవులోని కంట్రోలర్ చిప్పు ఖాళీ సెల్స్‌లో కొన్నింటిని ఒక్క బిట్టుకే వాడుకుంటూ గబగబా రాసేస్తుంది. దీన్నే ఎస్ఎల్‌సీ క్యాష్ అంటారు. 1 జీబీ అందులో ఓ మూలకి చాలు. 300 జీబీ పోస్తే అది నిండుతుంది. నిండాక అసలు వేగం బయటపడుతుంది. మీ 140 అదే.

ఇంకో విషయం ప్యాకెట్ మీద రాయరు. చాలా డ్రైవుల్లో ఈ క్యాష్ ఖాళీ జాగాను బట్టి పెరిగి తగ్గుతుంది. డ్రైవు 80 శాతం నిండాక, మిగిలిన జాగాలో పట్టే ఫైలుతో అదే పరీక్ష చేయండి, పడిపోయే చోటు ఎంతో ముందుకి జరుగుతుంది. కొత్త డ్రైవును ఖాళీగా ఉన్నప్పుడు కొలిచి ఆనందపడేవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది.

సరిగ్గా కొలవాలంటే ఫియో వాడండి. లినక్స్‌లో డిస్కులతో మాట్లాడే బ్లాక్ లేయర్‌ని చూసుకునే యెన్స్ ఆక్స్‌బో రాసిన ప్రోగ్రామ్ ఇది. ప్రతి పరీక్షకీ ఓ కొత్త ప్రోగ్రామ్ రాసుకోలేక ఇది మొదలుపెట్టారు. మీ విషయంలో సెట్టింగులు ఇవి: వరస రైట్, బ్లాకు సైజు 1 ఎంబీ, డైరెక్ట్ 1, ఇంజిన్ (అభ్యర్థనలు పంపే పద్ధతి) ఐఓ యూరింగ్, క్యూ డెప్త్ (ఒకేసారి పంపే అభ్యర్థనలు) 8, ఫైలు సైజు 300 జీబీ. సెకనుకోసారి వేగాన్ని లాగ్ ఫైల్లో రాయమనండి. ఆ లాగ్‌ని ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా గ్రాఫ్ గీస్తే మెట్టు ఎక్కడుందో కనబడుతుంది. మెట్టు కొంచెం అటూఇటూగా ప్రతిసారీ ఒకే చోట వస్తే అది క్యాష్. వేగం పడుతూ లేస్తూ రంపపు పళ్లలా ఉంటే ఉష్ణోగ్రత చూడండి. ఎన్‌వీఎంఈ టూల్‌లోని స్మార్ట్ లాగ్ (డ్రైవు ఆరోగ్య చిట్టా) డిగ్రీలు చెబుతుంది. మన వేసవిలో, మూసిన ల్యాప్‌టాప్ అడుగున, డ్రైవు వేడెక్కి తనంతట తానే తగ్గడం మామూలే.

నకిలీ అనుమానం ఇంకా పోకపోతే దానికి ఎఫ్3 అనే వేరే ఓపెన్ సోర్స్ పనిముట్టు ఉంది. ఖాళీ జాగా మొత్తం నింపి, తిరిగి చదివి సరిచూస్తుంది. 1 టీబీ అని చెప్పి లోపల 128 జీబీ పెట్టిన సరుకు దాని ముందు నిలబడదు.

ఒక్క హెచ్చరిక, దీన్ని మాత్రం పెద్ద అక్షరాలతో ఊహించుకోండి. ఫియోకి ఫైలు పేరు బదులు డ్రైవు పేరే ఇచ్చి రైట్ పరీక్ష పెడితే, అది ఏమీ అడక్కుండా పార్టిషన్లతో సహా తుడిచేస్తుంది. చదివే పరీక్షలకి రీడ్‌ఓన్లీ ఆప్షన్ తగిలించడం అలవాటు చేసుకోండి. రైట్ పరీక్షలు ఫైలు మీదే చేయండి.

ప్రశ్న: మాది పెళ్లి వీడియోల స్టూడియో. నలుగురు ఎడిటర్లు. ఎన్ఏఎస్ (నెట్‌వర్క్ మీద అందరూ వాడుకునే డిస్కుల) పెట్టెలో నాలుగు సాటా ఎస్ఎస్‌డీలు వేయించాం. ఒక్కోటి సెకనుకు 550 ఎంబీ అన్నారు, నాలుగూ కలిసి 2,000 అయినా రావాలి కదండీ? ఏ సిస్టమ్ నుంచి కాపీ చేసినా 112 దాటదు. 10 గిగాబిట్ నెట్‌వర్క్‌కి మారమని కొటేషన్ ఇచ్చారు, చూస్తేనే కళ్లు తిరుగుతున్నాయి.
— విజయవాడ

జవాబు: 112 అనే అంకెలోనే జవాబు ఉంది. గిగాబిట్ అంటే సెకనుకు 125 ఎంబీ. ప్యాకెట్ల మీద రాసుకునే చిరునామాలూ అవీ తీసేస్తే మిగిలేది 117, 118. ఫైల్ షేరింగ్ ఖర్చు పోగా 112. మీ ఎస్ఎస్‌డీలు కాళ్లు బారజాపుకుని కూర్చున్నాయి, దారే ఇరుకు. ఇదే 11 దగ్గర ఆగిపోయి ఉంటే కేబుల్ చివర క్రింపింగ్ చూడమనేదాన్ని. నాలుగు జతల తీగల్లో ఒకటి సరిగ్గా తగలకపోయినా లింకు 100 మెగాబిట్‌కి దిగిపోతుంది. ఈథ్‌టూల్ కమాండు లింకు వేగం ఎంతో చెప్పేస్తుంది.

కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు ఓ సాయంత్రం ఎడిటర్లను ఇంటికి పంపేసి ఈ మూడూ, ఇదే వరసలో కొలవండి. మొదట ఐపెర్ఫ్3. ఇది డిస్కుని ముట్టుకోదు, నెట్‌వర్క్‌ని మాత్రమే కొలుస్తుంది. రివర్స్ ఆప్షన్‌తో రెండో దిక్కు కూడా కొలవండి. ఒక వైపు బాగుండి రెండో వైపు పాడైన పోర్టులు ఉంటాయి. తర్వాత ఎన్ఏఎస్ లోపలే ఫియో నడిపి డిస్కుల్ని విడిగా కొలవండి. ఆఖరున ఎడిటర్ సిస్టమ్ నుంచి షేర్ మీద ఫియో. మూడో అంకె మొదటి రెండింటిలో చిన్నదానికి దగ్గరగా ఉండాలి. బాగా తక్కువుంటే అప్పుడు ఫైల్ షేరింగ్ సెట్టింగులు వెతకాలి. అంతవరకూ వాటి జోలికి వెళ్లకండి.

పరీక్ష ఫైలు ఎన్ఏఎస్ ర్యామ్ కంటే రెండింతలు పెద్దదిగా పెట్టండి. లేకపోతే రెండోసారి చదివినప్పుడు ఎస్ఎస్‌డీని కాదు, ఎన్ఏఎస్ ర్యామ్‌ని కొలుస్తారు. నలుగురూ ఒకేసారి పనిచేస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే ఫియోలో సర్వర్, క్లయింట్ పద్ధతి ఉంది. నాలుగు సిస్టమ్స్‌లోనూ ఫియోని సర్వర్‌గా నిలబెట్టి ఒక చోటు నుంచి అన్నింటినీ ఒకేసారి మొదలుపెట్టొచ్చు. ఒక్క సిస్టమ్ నుంచి కొలిచి నలుగురికీ అదే వర్తిస్తుందని అనుకోవడం కుదరదు.

ఇక డబ్బు సంగతి. మీ కెమెరాలు 4కే ని 100 మెగాబిట్‌లో రికార్డు చేస్తాయని రాశారు. అంటే ఒక వీడియోకి సెకనుకు 12.5 ఎంబీ. ఒక్కో ఎడిటర్ టైమ్‌లైన్ మీద మూడు కెమెరాలు పెట్టినా 37.5, నలుగురికీ కలిపి 150. గిగాబిట్ చాలదు, నిజమే. కానీ 2.5 గిగాబిట్‌లో 290 దాకా వస్తుంది. పైగా గోడల్లో ఉన్న క్యాట్ 5ఈ కేబుల్ దానికి సరిపోతుంది. స్విచ్, ఎన్ఏఎస్ కార్డు మారిస్తే, సిస్టమ్స్‌లో 2.5 పోర్టు లేనివాటికి చిన్న కార్డు వేస్తే పని అయిపోతుంది. మీ ఎడిటర్లకి నత్తలా అనిపించేది థంబ్‌నైల్స్ అయితే మాత్రం అది వేరే జబ్బు. వేల చిన్న ఫైళ్లకి ఒక్కోదానికీ నెట్‌వర్క్ మీద వెళ్లి రావాలి. పైపు లావైతే ఆ ప్రయాణం తగ్గదు. ప్రివ్యూ క్యాష్‌ని ఎడిటర్ సిస్టమ్‌లోని ఎస్ఎస్‌డీకి మార్చండి, పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెబుతాను. లోకల్ ఎన్‌వీఎంఈనీ, ఎన్‌వీఎంఈ ఓవర్ టీసీపీతో (వేరే సిస్టమ్‌లోని డ్రైవుని లోకల్ డ్రైవులా వాడుకునే పద్ధతి) 10 గిగాబిట్ నెట్‌వర్క్ మీద ఇచ్చిన అదే డ్రైవునీ పోల్చమని ప్రాజెక్టు ఇచ్చాను. 4కే రాండమ్ రీడ్‌లో (4 కేబీ ముక్కలు ఎక్కడెక్కడి నుంచో చదవడం) లోకల్‌కి 5,80,000 ఐఓపీఎస్ (సెకనుకు పూర్తయ్యే అభ్యర్థనలు), నెట్‌వర్క్ మీద 5,400. వంద రెట్లు తేడా! నెట్‌వర్క్ స్టోరేజీ దండగ అని పిల్లలు రిపోర్టు రాసేశారు. ఫియో సెట్టింగులు రాసిన జాబ్ ఫైళ్లు జతచేస్తున్నాను.
— కాకినాడ

జవాబు: జాబ్ ఫైళ్లు పంపినందుకు దండం. పంపనివాళ్లే ఎక్కువ. రెండో ఫైల్లో ఇంజిన్ వరస ఎగిరిపోయింది మాస్టారూ. ఏమీ చెప్పకపోతే లినక్స్‌లో ఫియో పీసింక్ అనే ఇంజిన్ తీసుకుంటుంది. దానికి క్యూ డెప్త్ 32 అని చెప్పినా వినదు, ఒక్కటే నడుపుతుంది, పాత వెర్షన్లయితే తప్పు అని కూడా అనవు. ఫలితాల అడుగున ఐఓ డెప్త్స్ అనే వరస ఉంటుంది చూడండి. అందులో 1 దగ్గర 100 శాతం అని ఉంటుంది. లోకల్ పరీక్షేమో ఐఓ యూరింగ్‌తో 32 డెప్త్, నాలుగు జాబ్‌లు. అంటే ఒక వైపు 128 అభ్యర్థనలు ఒకేసారి, ఇంకో వైపు ఒక్కటి. టిఫిన్ సెంటర్‌లో ఒక్కడే టోకెన్ తీసుకుని, దోసె తిని, చేయి కడుక్కుని మళ్లీ లైన్లో నిలబడుతుంటే పెనం ఎంత పెద్దదైతే మాత్రం ఏం లాభం?

లిబ్‌ఏఐఓ అనే ఇంకో ఇంజిన్‌లోనూ ఇలాంటి గుంట ఉంది. డైరెక్ట్ పెట్టకుండా దాన్ని వాడితే లోపల మళ్లీ ఒక్కొక్కటిగానే నడుస్తుంది.

పిల్లల చేత ఈ లెక్క వేయించండి. ఐఓపీఎస్ అంటే క్యూ డెప్త్‌ని లేటెన్సీతో (ఒక్కో అభ్యర్థనకి పట్టే సమయంతో) భాగిస్తే వచ్చేది, క్యూయింగ్ థియరీలో లిటిల్స్ లా. ఫ్లాష్ నుంచి 4కే చదవడానికి 70 మైక్రోసెకన్లు అనుకుంటే, డెప్త్ 1లో లోకల్ డ్రైవు కూడా సుమారు 14,000 దాటదు. మీకు నెట్‌వర్క్ మీద 5,400 వచ్చిందంటే ఒక్కో అభ్యర్థనకి 185 మైక్రోసెకన్లు. తేడా వంద రెట్లు కాదు, రెండున్నర రెట్లు. పోటీ పెట్టాల్సింది ఆ 115 మైక్రోసెకన్ల మీద. డెప్త్ పెంచుతూ పోతే నెట్‌వర్క్ అంకె కూడా ఎక్కుతుంది, కానీ దానికో పైకప్పు ఉంది. 10 గిగాబిట్‌లో చేతికొచ్చే 1,170 ఎంబీని 4కే ముక్కలు చేస్తే దాదాపు 2,85,000. ఎంత గొప్ప డ్రైవు పెట్టినా ఆ తీగ మీద అంతకు మించి రావు. 1, 2, 4 అంటూ 128 దాకా డెప్త్ పెంచి, ఐఓపీఎస్‌నీ 99వ పర్సంటైల్ లేటెన్సీనీ (నూటికి 99 అభ్యర్థనలు ఎంతలోపు పూర్తవుతాయో ఆ సమయాన్నీ) ఒకే గ్రాఫ్‌లో గీయించండి. ఐఓపీఎస్ పెరగడం ఆగి లేటెన్సీ మాత్రమే ఎక్కే చోటే చూడాల్సిన చోటు. సగటు ఒక్కటే ఇచ్చిన రిపోర్టుకి మార్కులు వేయకండి.

ఆ 115లో నెట్‌వర్క్ వాటా ఎంతో విడదీయడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. కెర్నెల్‌లో నల్ బ్లాక్ అనే ఉత్తుత్తి డ్రైవు ఉంది. ఏమీ నిల్వ చేయదు, అడిగిన వెంటనే అయిపోయింది అంటుంది. సర్వర్‌లో అసలు ఎస్ఎస్‌డీ బదులు దాన్ని షేర్ చేసి కొలవండి. వచ్చేదంతా తీగ, కార్డు, టీసీపీ, ప్రాసెసర్ ఖర్చే. నెట్‌వర్క్ కార్డు ప్రాసెసర్‌ని పిలిచే ఇంటరప్టులను కొంచెంసేపు పోగుచేసి ఒకేసారి పంపే సెట్టింగ్, ప్రాసెసర్ నిద్రలోకి జారే సెట్టింగ్, ఈ రెండింటినీ మార్చి మళ్లీ కొలిస్తే డెప్త్ 1 లేటెన్సీ ఎంత దిగుతుందో పిల్లలే కళ్లారా చూస్తారు. నాకు ఈ ప్రాజెక్టులో అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇదే.

పోలికలో ఐస్కజీ (డిస్కుని నెట్‌వర్క్ మీద ఇచ్చే పాత పద్ధతి), ఎన్ఎఫ్ఎస్ (ఫైళ్లని పంచే పద్ధతి) కూడా చేరిస్తే రిపోర్టు నిండుగా ఉంటుంది. ఐస్కజీ ప్రమాణంగా అచ్చయింది 2004లో. ఎన్‌వీఎంఈని నెట్‌వర్క్ మీద పంపే ప్రమాణం 2016లో వచ్చింది, దాని టీసీపీ రూపం లినక్స్‌లోకి 2019లో 5.0 కెర్నెల్‌తో చేరింది. ఎన్ఎఫ్ఎస్‌తో జాగ్రత్త. డైరెక్ట్ పెడితే క్లయింట్ క్యాష్ తప్పుతుంది కానీ సర్వర్ ర్యామ్ తప్పదు. సర్వర్ ఎగుమతి సెట్టింగుల్లో ఏసింక్ అని ఉంటే రైట్ అంకెలు చూసి మురిసిపోకండి. డిస్కుకి చేరకముందే చేరిందని చెప్పే సెట్టింగ్ అది.

రైట్ పరీక్షలకి స్నియా అనే స్టోరేజీ పరిశ్రమ సంస్థ రాసిన పద్ధతి ఉంది. డ్రైవుని తుడిచి, మొత్తం సామర్థ్యానికి రెండింతలు వరసగా రాసి, ఆ తర్వాతే కొలత మొదలు. వరసగా ఐదు రౌండ్లలో పెద్ద అంకెకీ చిన్న అంకెకీ తేడా సగటులో 20 శాతం లోపు ఉండి, ఆ ఐదింటి వాలు 10 శాతం దాటకపోతేనే డ్రైవు నిలకడకి వచ్చినట్టు. సెమిస్టర్ పరీక్షల ముందు రాత్రి మొదలుపెట్టే పని కాదని పిల్లలకి ముందే చెప్పండి.

ప్రశ్న: ఆసుపత్రుల ఓపీ బుకింగ్ యాప్ నడుపుతున్నాం. క్లౌడ్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, 100 జీబీ ఎస్ఎస్‌డీ డిస్కు. రాత్రి ఫియోతో 5 నిమిషాలు కొలిస్తే నిక్కచ్చిగా 3,000 ఐఓపీఎస్. ఉదయం రద్దీ మొదలైన అరగంటకి అంతా స్తంభించిపోతోంది. రోజూ అదే టెన్షన్. కంపెనీని అడిగితే డిస్కు బాగానే ఉందంటున్నారు.
— విశాఖపట్నం

జవాబు: ఏ కంపెనీయో మీరు రాయలేదు, నేనూ అడగను. కానీ ఈ లక్షణాలు అప్పు మీద నడిచే డిస్కువి. అమెజాన్ జీపీ2 రకం డిస్కు నియమాలు బయటే ఉన్నాయి కాబట్టి లెక్కకి అవి తీసుకుందాం. జీబీకి 3 ఐఓపీఎస్ చొప్పున మీ 100 జీబీకి సొంత హక్కు 300. మిగతాది 54 లక్షల క్రెడిట్ల ఖాతా నుంచి తీసి 3,000 దాకా ఇస్తారు. సెకనుకు నికరంగా 2,700 ఖర్చయితే 2,000 సెకన్లలో, అంటే 33 నిమిషాల్లో ఖాతా ఖాళీ. ఆ తర్వాత 300 మాత్రమే. మళ్లీ నిండటానికి, డిస్కుని అసలు ముట్టుకోకపోతే, 5 గంటలు. మీ అరగంట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది కదా. డిస్కు బాగానే ఉందన్న మాటా అబద్ధం కాదు.

కాబట్టి క్లౌడ్ డిస్కుని 5 నిమిషాలు కాదు, కనీసం గంటన్నర కొలవండి. జీపీ3 రకంలో సైజుతో పని లేకుండా 3,000 ఐఓపీఎస్, సెకనుకు 125 ఎంబీ మొదటి నుంచీ ఉంటాయి, క్రెడిట్ల గొడవ లేదు. మీ కంపెనీలో అలాంటిదేదో చూసి మారండి. స్నాప్‌షాట్ (డిస్కుకి తీసి దాచిన నకలు) నుంచి కొత్త డిస్కు తయారుచేస్తే మాత్రం మొదటిసారి చదివే ప్రతి బ్లాకూ వెనక నుంచి లాక్కురావాలి. మొత్తం ఒకసారి చదివించాకే కొలత.

ఇంకొకటి. మీ యాప్‌కి 4కే రాండమ్ రీడ్ కంటే ముఖ్యమైన అంకె వేరే ఉంది. బుకింగ్ ఖాయమైన ప్రతిసారీ పోస్ట్‌గ్రెస్ డేటా నిజంగా డిస్కుకి చేరిందా అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. దాన్ని కొలవడానికి పోస్ట్‌గ్రెస్‌తో పాటే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ అనే చిన్న ప్రోగ్రామ్ వస్తుంది. ఫియోలో అయితే 8కే రైట్లు, డెప్త్ 1, ప్రతి రైట్ తర్వాత ఎఫ్‌డేటాసింక్ (డిస్కుకి చేరేదాకా ఆగమనే ఆదేశం, ఎఫ్‌సింక్ లాంటిదే). ఒక్కో సింక్‌కి 1 మిల్లీసెకను పడితే ఒక కనెక్షన్‌కి సెకనుకు వెయ్యి కమిట్లే (ఖాయం చేయడాలే). లక్షల ఐఓపీఎస్ చూపించే ఇంటి ఎస్ఎస్‌డీ కూడా ఈ పరీక్షలో చతికిలబడుతుంది. కరెంటు పోయినా డేటాని కాపాడే కెపాసిటర్లు అందులో ఉండవు కాబట్టి నిజంగా ఫ్లాష్‌కి రాసి రావాలి. సర్వర్ ఎస్ఎస్‌డీ ధర ఎందుకు ఎక్కువో ఈ ఒక్క పరీక్ష చెబుతుంది. ఎఫ్‌సింక్ ఆఫ్ చేస్తే వేగం వస్తుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అవి పేషెంట్ల బుకింగులు.

ప్రశ్న: ఇంట్లో ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ మెషీన్లు నడిపే) సర్వర్, జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద రెండు ఎస్ఎస్‌డీలు. రీడ్ టెస్టులో సెకనుకు 11 జీబీ వస్తోంది. డ్రైవులేమో సాటావి! సంతోషించాలా?
— ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ర్యామ్ కొన్నందుకు సంతోషించండి. సాటా తీగ మీద 600 ఎంబీకి మించి రాదు, రెండింటికీ 1,200. మిగతాదంతా ఏఆర్‌సీ అనే జెడ్ఎఫ్ఎస్ క్యాష్ పెట్టిన బిచ్చం. డైరెక్ట్ పెట్టాను కదా అంటారేమో, 2.3 కంటే పాత వెర్షన్లలో జెడ్ఎఫ్ఎస్ ఆ మాటకి తల ఊపుతుంది కానీ పాటించదు. పరీక్ష కోసం ఒక డేటాసెట్ విడిగా చేసి, ప్రైమరీక్యాష్‌ని మెటాడేటాకే పరిమితం చేసి కొలవండి. కంప్రెషన్ ఆన్‌లో ఉంటే సున్నాలతో రాసే పరీక్షలు కూడా వద్దు, సున్నాల్ని అది అసలు డిస్కుకే పంపదు.

ప్రశ్న: అమ్మా, రిటైరయ్యాక కాలక్షేపానికి ఈ పరీక్షలు నేర్చుకుంటున్నాను. ఊరికే కొలుస్తూ ఉంటే ఎస్ఎస్‌డీ అరిగిపోతుందని మా మనవడు భయపెడుతున్నాడు.
— తిరుపతి

జవాబు: చదివే పరీక్షలు ఎన్నైనా చేసుకోండి బాబాయ్ గారూ. అరిగేది రాయడం వల్లే. 1 టీబీ డ్రైవుకి 600 టీబీ రాతల వారంటీ మామూలుగా ఇస్తారు. 300 జీబీ పరీక్ష ఒకటి చేస్తే అందులో రెండు వేలో వంతు. వారానికోసారి చేసినా పదేళ్లకి నాలుగో వంతు అవుతుందేమో. ఇప్పటిదాకా ఎంత రాశారో స్మార్ట్ లాగ్‌లో డేటా యూనిట్స్ రిటెన్ అనే వరస దగ్గర ఉంటుంది. ఆ అంకెని 5,12,000తో గుణిస్తే బైట్లు. మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని గుణించండి. ఫియోకి సమయ పరిమితి పెట్టకుండా లూప్‌లో వదిలేసి తిరుమల వెళ్లిపోకండి, అంతే.